ఫైలు ఉన్నా దొరకలేదనే సందేశం

అవుట్‌లుక్ క్యాలెండర్‌లో కనిపించే టీమ్స్ మీటింగ్ బటన్ పాత తరహా అవుట్‌లుక్‌లో అంతర్భాగం కాదు. దానిని అక్కడ ఉంచేది యాడ్-ఇన్, అంటే ఒక ప్రధాన సాఫ్ట్‌వేర్‌కు బయటి నుంచి వచ్చి చేరే అనుబంధ ప్రోగ్రామ్. ఈ యాడ్-ఇన్ కోడ్ డీఎల్‌ఎల్ అనే లైబ్రరీ ఫైలులో ఉంటుంది. అది తనంతట తాను నడవదు, వేరొక ప్రోగ్రామ్ పిలిచినప్పుడే మెమరీలోకి వచ్చి పనిచేస్తుంది. బటన్ మాయమైందని ఫిర్యాదు రాగానే టీమ్స్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం చాలా కార్యాలయాల్లో ఆనవాయితీ. దానితో బటన్ తిరిగి రావచ్చు గానీ, పోయిన కారణం తెలియదు కనుక అదే లోపం మరో కంప్యూటర్‌లో తలెత్తినప్పుడు పని మళ్లీ మొదటికే వస్తుంది.

ఈ పనిలో అసలైన నైపుణ్యం విండోస్ ఇచ్చే సందేశాన్ని సరిగా చదవడంలో ఉంది. ఒక డీఎల్‌ఎల్‌ను విండోస్ రిజిస్ట్రీలో, అంటే వ్యవస్థ అమరికలు నమోదయ్యే భాండారంలో, చేర్చడానికి రెగ్‌సర్వర్32 అనే సాధనాన్ని వాడినప్పుడు, ఫైలు కళ్లెదుటే ఉన్నా మాడ్యూల్ దొరకలేదని సందేశం వస్తుంటుంది. 126 సంఖ్యతో వచ్చే ఈ లోపం చాలా సందర్భాల్లో పేర్కొన్న ఫైలుది కాదు, ఆ ఫైలు ఆధారపడిన మరో ఫైలుది. ఉదాహరణకు విజువల్ సీ++ రన్‌టైమ్‌కు చెందిన వీసీరన్‌టైమ్140 లేకపోతే, దాని మీద ఆధారపడిన లైబ్రరీ మెమరీలోకి రాలేదు, నింద మాత్రం ఆ లైబ్రరీ పేరు మీదే పడుతుంది. ఏ ఫైలు కోసం వెతికి విండోస్ విఫలమైందో ప్రాసెస్ మానిటర్ అనే ఉచిత సాధనం వరుసగా చూపుతుంది కాబట్టి, ఊహతో పని లేదు.

193 సంఖ్య వస్తే కథ వేరు: ఫైలు దెబ్బతిని ఉండాలి, లేదా 64-బిట్ ప్రోగ్రామ్ 32-బిట్ లైబ్రరీనో, 32-బిట్ ప్రోగ్రామ్ 64-బిట్ లైబ్రరీనో పిలిచి ఉండాలి. ఆఫీస్ 2019 నుంచి డిఫాల్ట్‌గా 64-బిట్ కూర్పే ఇన్‌స్టాల్ అవుతున్నా, పాత 32-బిట్ ఆఫీస్ ఇంకా వాడే సంస్థలు ఉన్నందున ఈ పొరపాటు పోలేదు. పైగా 64-బిట్ విండోస్‌లో సిస్టమ్32 ఫోల్డర్ 64-బిట్ ఫైళ్లకు, సిస్‌వావ్64 ఫోల్డర్ 32-బిట్ ఫైళ్లకు కేటాయించి ఉండటంతో, పేరులోని అంకెను నమ్మినవారు ఫైళ్లను తారుమారు చేయడం సహజమే.

రిజిస్ట్రీలో లోడ్‌బిహేవియర్ విలువ 3 ఉంటే యాడ్-ఇన్ అవుట్‌లుక్‌తో పాటే మొదలవుతుంది, లోడ్ కావడంలో విఫలమైతే అది 2గా మారుతుంది. కారణాన్ని సరిచేయకుండా అంకెను మాత్రమే 3గా మార్చితే మళ్లీ 2కే వస్తుంది. ఇక కొత్త అవుట్‌లుక్‌లో ఈ తరహా యాడ్-ఇన్‌లకు చోటే లేదు గనుక, ఉద్యోగి ఏ అవుట్‌లుక్ వాడుతున్నారో ముందే అడిగితే ఎంతో శ్రమ తప్పుతుంది.

లేని డీఎల్‌ఎల్‌ను ఏదో అపరిచిత వెబ్‌సైట్ నుంచి దించుకోవడం మాత్రం ఎన్నటికీ సమర్థనీయం కాదు, ఎందుకంటే ఆ ఫైలు ఉద్యోగి మెయిళ్లన్నీ తెరిచి ఉన్న ప్రోగ్రామ్‌లోనే, ఆ ఉద్యోగికి ఉన్న అధికారాలతోనే నడుస్తుంది. సపోర్ట్ సిబ్బంది ఫిర్యాదును మూసేటప్పుడు "సరిచేయబడింది" అని ఒక్క ముక్క రాసి వదలకుండా, లోపం సంఖ్యనూ దొరకని ఫైలు పేరునూ కూడా నమోదు చేయాలి.