అనుకరణ యంత్రమా, అసలు యంత్రమా?

నెట్‌వర్కింగు పరీక్షకు చదువు విద్యార్థికి ప్యాకెట్ ట్రేసర్ వంటి అనుకరణ సాధనము చాలునా, నిజమైన రౌటరు చేతికి రావలెనా యనునది విచారింపదగిన విషయము. పట్టుమగ్గములకు పేరుగన్న వై.ఎన్.హొసకోటవారికి ఉపమానము దూరమున లేదు. గళ్ల కాగితముపై అంచు గీయుట యొక విద్య. తెగిన పడుగుపోగు నతుకుట మఱియొక విద్య.

ప్యాకెట్ ట్రేసరు గుణము లల్పములు గావు. సిస్కోవా రిచ్చు ఈ సాధనము ఉచితము. ప్యాకెట్టు ప్రయాణమును మెట్టుమెట్టున ఆపి చూపును. అసలు యంత్ర మట్లు చూపజాలదు. 2020 ఫిబ్రవరిలో వచ్చిన సి.సి.ఎన్.ఏ. 200-301 పరీక్షకు వలయు వీల్యాన్, ఓ.ఎస్.పి.ఎఫ్. అభ్యాసములు దీనియందే చేయవచ్చును.

దీని లోప మేమన, ఇది రౌటరు సాఫ్ట్‌వేరును నడపదు. దాని నడవడిని అభినయించును. కొన్ని ఆజ్ఞలు దీనికి తెలియవు. జి.ఎన్.ఎస్.3 అసలు సాఫ్ట్‌వేరునే నడపుటచే ఈ కొఱత చాలవఱకు తీరును. కాని ఆ సాఫ్ట్‌వేరును విద్యార్థి వేరుగా సంపాదించుకొనవలెను.

అయినను వదులైన కేబులు కొస, కాలిపోయిన పోర్టు, పనిచేయని పంకా తెరపై గోచరింపవు. మఱచిన పాస్‌వర్డును తొలగించుటకు రౌటరు నాపి వెలిగించి, సరియైన క్షణమున మీట నొక్కు నేర్పు చేతికే రావలెను.

కావున తొలి పరీక్షకై మగ్గపు రాబడిని యంత్రములపై వెచ్చించుట యనవసరము. ఉద్యోగమునకు ముందు మాత్రము అసలు యంత్రమును ముట్టవలెను. ఒక పాత రౌటరు, రెండు స్విచ్చులు పదిమంది కుమ్మడిగా చాలును. అట్టివి సమకూర్చుట సంఘములకు తగిన పని.