పచ్చన యెక్కడిది?

ఒకనాడు గోలకొండ కోటకు త్రాగునీరిచ్చిన దుర్గముచెరువు, నేడు హైదరాబాదున మాదాపురమునకు జూబిలీహిల్సుకు నడుమ, సాఫ్ట్‌వేర్ మేడల నీడను, 2020లో తెరచిన తీగల వంతెన క్రింద నున్నది. పని నేర్చుకొనవచ్చిన పిల్లలకు ఆ చెరువు ఛాయాచిత్రములను రెండింటినిచ్చి, పచ్చదనము పెరిగినదో తరిగినదో కంప్యూటరుచే తేల్పింపుడని చెప్పుట నాకలవాటు. రంగును నమ్ముటలోని చిక్కులన్నియు ఆ కొంచెపు నీటిలోనే కలవు.

కంప్యూటరునకు తెలిసినది ప్రతి చుక్కకును ఎఱుపు, ఆకుపచ్చ, నీలములకు 0 మొదలు 255 వఱకు గల మూడంకెలు మాత్రమే. మబ్బు పట్టినచో అదే ఆకునకు ఆ మూడును పడిపోవును. అందుచేత వానిని హెచ్‌ఎస్‌వీ పద్ధతికి మార్చి, వర్ణమును, గాఢతను, కాంతిని వేఱుపఱచి, పిమ్మటనే పోల్చవలెను. చిత్రములను పరిశీలించు ఓపెన్‌సీవీ సాఫ్ట్‌వేరులో వర్ణచక్రపు 360 డిగ్రీలను ఒక్క బైటులో నిముడ్చుటకై సగము చేసి, 0 నుండి 179 వఱకు లెక్కింతురు. ఎఱుపు ఆ రెండు కొసలను వ్యాపించియుండుటచే, ఒక్క హద్దు వ్రాసి యూరకున్నవాడు సగమెఱుపును పోగొట్టుకొనును.

1991లో స్వెయిన్, బల్లార్డు అను పరిశోధకులు రంగుల హిస్టోగ్రాములను పోల్చి వస్తువులను గుర్తించు పద్ధతిని ప్రకటించిరి. సులభమైనది, వేగమైనది, కాని యే రంగెంత యున్నదో చెప్పునే గాని, యెక్కడున్నదో చెప్పజాలదు. గుర్రపుడెక్క నీటిని కప్పివేసి, గట్టుమీది చెట్లు కూలిపోయినను, మొత్తము పచ్చదనమునకు లోటు రాలేదని యది అంకెలతో సహా చూపును. సెంటినెల్-2 ఉపగ్రహపు పరారుణ కిరణములతో కట్టు ఎన్‌డీవీఐ అను పచ్చదనపు సూచిక, పచ్చరంగు పూసిన గోడను ఆకునుండి విడదీయగలదు గాని, గుర్రపుడెక్కయు ఆకే గదా! కావున చెరువు హద్దును ముందుగా గీచి, నీటిని వేఱుగ, నేలను వేఱుగ లెక్కించుటయే మార్గమని నా మతము.

ఋతువు సంగతియు నట్టిదే. భాద్రపదమున పచ్చగానున్న మన రాతినేల వైశాఖమున గోధుమవన్నెకు దిగును, గొడ్డలి తగులకయే. ఆ నగరమందలి కంచ గచ్చిబౌలిలో 400 ఎకరముల భూమిపై చెట్ల నఱకుటను 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నిలిపివేసిన దినములలో, అప్పటి, యిప్పటి ఉపగ్రహ చిత్రములు ప్రతి ఫోనునకును చేరినవి. న్యాయస్థానము వఱకు పోవు వివాదములలో చిత్రము సాక్షి యగును. సాక్షిని ప్రశ్నింపక విడువరాదు. పాఠకులారా, రెండు చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి యెవరేని మీకు చూపినప్పుడు, అవి యే నెలవో, యే కెమెరావో, హద్దెవరు గీచిరో మొదట నడుగుడు.