'దిస్ ఈజ్ ఇంగ్లండ్'లో స్కిన్‌హెడ్ యువత

షేన్ మెడోస్ దర్శకత్వం వహించిన 'దిస్ ఈజ్ ఇంగ్లండ్' (2006) కథాకాలం 1983. ఫాక్‌లాండ్స్ యుద్ధంలో తండ్రిని పోగొట్టుకున్న 12 ఏళ్ల షాన్‌ను స్కిన్‌హెడ్ యువకులు చేరదీస్తారు. గుండ్లు, బరువైన బూట్లు చూసి వీళ్లంతా జాత్యహంకారులని మీరు అనుకోవచ్చు. కాని 1960ల చివర్లో తలెత్తిన ఈ ఉపసంస్కృతి జమైకా సంగీతాన్ని తనదిగా చేసుకుంది. ఈ బృందంలోని మిల్కీ మూలాలు కూడా జమైకావే. జైలు నుంచి వచ్చిన కాంబో అదే వేషంలోకి నేషనల్ ఫ్రంట్ రాజకీయాన్ని తెస్తాడు. మిల్కీ తన ఇంటివాళ్ల గురించి సంబరంగా చెబుతున్నప్పుడు కాంబో ముఖం మారే తీరును జాగ్రత్తగా గమనించండి. తనకు దక్కని కుటుంబంపై అసూయే కాసేపట్లో దెబ్బలవుతుంది. ద్వేషం వెనకున్న లేమిని ఇంత సూటిగా చూపిన చిత్రాలు అరుదు. అయితే దెబ్బలు తిన్న మిల్కీ మనసులో ఏముందో చిత్రం చెప్పదు. మనకు వినిపించేది కాంబో ఏడుపే. నా దృష్టిలో ఇది చిన్న లోపం కాదు.