దేవుని స్థానంలో సమాజం: నల్లజాతి మానవతావాదంపై ఒక కాపరి పరిశీలన

నల్లజాతి వేదాంతం మన వేదాంత కళాశాలలకు కొత్త కాదు. 1969లో జేమ్స్ కోన్ ‘బ్లాక్ థియాలజీ అండ్ బ్లాక్ పవర్’ గ్రంథాన్ని ప్రచురించాడు. దళిత వేదాంతాన్ని అభ్యసించేవారు ఆయనను తప్పక చదువుతారు. అయితే అదే ప్రజలలో దేవుని నమ్మని ఆలోచనాపరులు కూడ ఉన్నారనే సంగతిని మనం అంతగా గమనించలేదు. 1973లో విలియం ఆర్. జోన్స్ ‘ఈజ్ గాడ్ ఎ వైట్ రేసిస్ట్?’ అనే గ్రంథంలో, నల్లజాతివారి శ్రమల చరిత్రను బట్టి దేవుడు వారి పక్షాన ఉన్నాడని ఎలా చెప్పగలమని కోన్ వంటివారిని నిలదీశాడు. ఆ బాటలోనే ముందుకు సాగినవాడు ఆంథొనీ పిన్. ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘంలో చిన్ననాడే ప్రసంగించిన ఈయన తరువాత విశ్వాసాన్ని విడిచిపెట్టాడు. 2012లో వెలువడిన ఆయన గ్రంథం ‘ది ఎండ్ ఆఫ్ గాడ్-టాక్’లోని ఒక ముఖ్య వాదనను ఇక్కడ పరిశీలిద్దాం.

దేవుడు లేకుండా కూడ వేదాంతం సాధ్యమేననీ, దేవుడనే మాట ఉన్నచోట ‘సమాజం’ అనే మాటను నిలపవచ్చుననీ పిన్ వాదిస్తాడు. ఇది వట్టి మాటల మార్పు కాదు. బానిసత్వ కాలంలోను, జాతి వివక్ష కాలంలోను నల్లజాతివారికి సంఘం ఆరాధన స్థలం మాత్రమే కాదు. అదే బడి, అదే సహాయ నిధి, అదే రాజకీయ వేదిక. అటువంటి సంఘాన్ని విడిచినవాడు ఒక సిద్ధాంతాన్నే కాదు, తన యింటిని కూడ విడిచినట్టే. 2021లో ప్యూ పరిశోధన కేంద్రం ప్రకటించిన నివేదికలో అమెరికా నల్లజాతి వయోజనులలో సుమారు 21 శాతం తాము ఏ మతానికీ చెందమన్నారు. అయితే నాస్తికులమనో అజ్ఞేయవాదులమనో చెప్పుకున్నవారు 3 శాతమే. ఆ కొద్దిమంది ఒకరినొకరు కనుగొనడం ఎంత కష్టమో ఊహించవచ్చు. 2011లో అట్లాంటాలో మాండిసా థామస్ ‘బ్లాక్ నాన్‌బిలీవర్స్’ అనే సంస్థను స్థాపించడానికి ఈ ఒంటరితనమే నేపథ్యం. సహవాసం లేనిదే మనిషి బ్రతకలేడని పిన్ గుర్తించడం సరియైనదే.

అయితే సమాజాన్ని దేవుని స్థానంలో నిలపవచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు నల్లజాతి సాహిత్యంలోనే ఉంది. కవి లాంగ్‌స్టన్ హ్యూస్ 1940లో ప్రచురించిన ఆత్మకథ ‘ది బిగ్ సీ’లో తన బాల్యంలోని ఒక ఉజ్జీవ కూటాన్ని వర్ణించాడు. పదమూడేళ్లు నిండబోతున్న ఆ బాలుడు యేసు కనబడతాడని నిజంగానే ఎదురుచూస్తూ ముందు బల్లపై కూర్చున్నాడు. ప్రక్కనున్న కుర్రవాడు విసిగిపోయి లేచాడు. సంఘమంతా తన కోసమే ప్రార్థిస్తూ, పాడుతూ ఉంటే, ఇందరిని ఇంతసేపు నిలిపివేశానే అనే సిగ్గుతో చివరకు ఇతడూ లేచాడు. ఆలయం ఆనందంతో దద్దరిల్లింది. ఆ రాత్రి బాలుడు పడకపై ఏడ్చాడు. పరిశుద్ధాత్మ వచ్చినందుకు ఏడుస్తున్నాడనుకున్నది పెద్దమ్మ. తాను అందరినీ మోసగించినందుకూ, యేసు రానందుకూ ఏడ్చానంటాడు హ్యూస్.

ఆ బాలుడు లోబడినది దేవునికి కాదు, సమాజానికే. సంఘం ప్రేమతోనే అతని నుండి ఒక అబద్ధాన్ని రాబట్టింది. కనుక సమాజమే అంతిమ విలువ అయినప్పుడు, అది తప్పు చేస్తే దానిని సరిదిద్దే పైవాడెవడు? పిన్ వాదనలో నాకు కనబడిన లోపం ఇది. అవిశ్వాసుల సమాజానికి కూడ ఈ ప్రమాదం తప్పదు.

కాని ఈ విమర్శ ముందుగా మనకే తగులుతుంది. మన పల్లెలలో కూడ పెండ్లికైనా సమాధికైనా సంఘమే ఆధారం. నా పరిచర్యలో ఒక యువకుడు తన సందేహాలను నాతో చెప్పుకున్నాడు. నేను కొన్ని వాక్యభాగాలు చదువుకోమని పంపివేశాను. తరువాత అతడు ఆరాధనకు రాలేదు, నేనూ అతని యింటికి వెళ్లలేదు. కొన్నేళ్లకు తన తండ్రి సమాధి కార్యక్రమంలో అతడు పరాయివానిలా గేటు దగ్గరే నిలబడి ఉండటం చూశాను. అతడు అబద్ధం చెప్పి ఉంటే పెద్దల మధ్య నిలిచేవాడు. నిజం చెప్పినందుకు గేటు దగ్గర మిగిలాడు.

యోహాను 20:24-26 వచనాలను ఈ దృష్టితో మరల చదవండి. తోమా నమ్మనని తేల్చి చెప్పాడు. అయినా ఎనిమిది దినాల తరువాత శిష్యులు కూడుకొన్నప్పుడు అతడు వారితోనే ఉన్నాడు. వారు అతనిని వెలివేయలేదు, నమ్మినట్టు నటించమని బలవంతపెట్టనూ లేదు. ప్రభువు వచ్చేవరకు అతనికి ఆ యింట చోటిచ్చారు. సంఘం దేవుని స్థానాన్ని తాను తీసుకోకుండా, దేవుని కోసం కనిపెట్టడం అంటే ఇదే. రక్షణ పిలుపు ఇచ్చే ప్రతి కాపరీ, లేచి నిలబడినవారిని లెక్కించే ముందు, లేవనివారికి మన మధ్య చోటున్నదా అని తన్ను తాను ప్రశ్నించుకోవాలి.