ఎర్ర సిరా మాస్టార్లు

రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో కూల్డ్రే దొర, కాకినాడ పి.ఆర్. కాలేజీలో రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ఇంగ్లీషు చెప్పిన గోదావరి గడ్డ ఇది. వాళ్ల పేర్లు అందరికీ తెలుసు. నేను మెచ్చుకునేది, డిగ్రీ కుర్రాళ్ల కాంపోజిషన్ నోట్సులు దిద్దే మామూలు లెక్చరర్లను.

వాళ్లు దిద్దే తప్పుల్లో కొన్ని తెలుగు అలవాట్లే. "అతను డాక్టరు" అంటే తెలుగులో నిండు వాక్యమే, క్రియ అక్కర్లేదు. ఇంగ్లీషులో "ఈజ్" పడాల్సిందే. "ఎందుకంటే" అని మనం హాయిగా కొత్త వాక్యం మొదలుపెడతాం. ఇంగ్లీషు వ్యాసంలో "బికాజ్" ముక్క ఒక్కటే నిలబడితే అది తెగిన వాక్యం. తప్పు ఎక్కడ పుట్టిందో తెలిసిన మాస్టారే కోప్పడకుండా దిద్దగలరు.

ఇక ఇంగ్లీషు వ్యాసంలో పేరాకి ఒకటే విషయం, అదీ మొదట్లోనే చెప్పాలి. ఇది మప్పడం మరీ కష్టం. (ఊరంతా తిరిగి అసలు సంగతికి రావడం గోదావరి వాళ్లకి సరదా కదా!) స్పోకెన్ ఇంగ్లీషు కోచింగుకున్న గిరాకీ ఈ దిద్దుబాటుకి లేదు. నా లెక్కన ఇదే పెద్ద విద్య.