పొడియక్షరములు: సంక్షేపమా, లోపమా?

చేతియంత్రములద్వారమున సంభాషించు యువజనులు వాడు పొడియక్షరములవలనఁ దెలుఁగు చెడుచున్నదను నాక్షేపము విద్వద్గోష్ఠులయందుఁ దఱచుగా వినఁబడుచున్నది. పుట్టినరోజునకు ‘హెచ్ బీ డీ’, కృతజ్ఞతకు ‘టీ క్యూ’, మరణవార్తకు ‘ఆర్ ఐ పీ’. అంతటితో లేఖ సమాప్తము. ఇది చూచి పండితులు చింతించుట యుక్తమే. కాని దోషమెక్కడనున్నదో నిర్ణయించుటలోఁ బొరపాటు కలదు. సంక్షేపము వేఱు, లోపము వేఱు. ఈ రెంటి నొక్కటిగాఁ దలఁచి సంక్షేపమును నిందించువారు తమ చేతులలోని గ్రంథముల నొక్కమాఱు పరికింపవలసియున్నది.

ఏ ప్రబంధమును విప్పినను బద్యమునకు ముందు ‘ఉ.’, ‘చ.’, ‘సీ.’, ‘క.’ అనియు, వచనమునకు ముందు ‘వ.’ అనియుఁ గానవచ్చును. వ్యాఖ్యానములలో ‘టీ.’, ‘తా.’ కలవు. ఇఁక ఛందశ్శాస్త్రమంతయుఁ బొడియక్షరములమీఁదనే నిలిచినది. ఉత్పలమాల పాదమునకు 20 అక్షరములు. వాని గురులఘుక్రమమంతయు భ, ర, న, భ, భ, ర, వ యను 7 అక్షరములలో నిమిడినది. ‘య మా తా రా జ భా న స ల గం’ అను సూత్రమునందు యకారము మొదలు సకారమువఱకు నే యక్షరముకడ నారంభించి మూఁడు లెక్కించినను నా గణముయొక్క స్వరూపమే లభించును. ‘య మా తా’ యనఁగా నొక లఘువు, రెండు గురువులు, అదియే యగణము. ఇంతకంటె బిగువైన సంక్షేపమును నేఁటి యువకుఁ డెవ్వఁడును గల్పింపలేదు. పాణిని యచ్చులన్నిటిని ‘అచ్’ అను నొక్కమాటలో నిమిడ్చెను. అర్ధమాత్ర కలిసివచ్చినను వైయాకరణులకుఁ బుత్రోత్సవమంత సంతోషమను ప్రసిద్ధి యుండనే యున్నది.

శాస్త్రసంకేతముల మాట యట్లుండ, లౌకికలేఖనమున నీ యాచారము లేదా? పూర్వపు టుత్తరములలో ‘మ.రా.రా.శ్రీ.’, ‘చి.ల.సౌ.’, ‘గం.భా.స.’ అనువాని కెంత ప్రచారముండినదో వృద్ధులెఱుఁగుదురు. వీనిలోఁ గడపటిది విచారణీయము. వితంతువును గంగాభాగీరథీసమానురాలనుట గౌరవోక్తియే. కాని పొడియై మూఁడక్షరములకు దిగిన పిదప నది వైధవ్యమునకు ముద్రగా మాత్రమే మిగిలినది. విస్తరరూపమునందలి యాదరము జాఱిపోయినది. పొడియక్షరములకుఁ గల నిజమైన ప్రమాదమిదియే. ‘ఆర్ ఐ పీ’ గతియు నిట్టిదే. శాంతితో విశ్రమించుఁగాక యను లాటినుప్రార్థనకుఁ బొడియైన యీ యక్షరములు క్రైస్తవులు సమాధులపైఁ జెక్కించునట్టివి. దహనసంస్కారము జరిగిన యింటికి వీనిని బంపువాఁ డర్థమెఱిఁగి పంపుచున్నాఁడా యనునది సందేహాస్పదము.

1917లో ఆంగ్లనౌకాధిపతియైన ఫిషరు ప్రభువు చర్చిలునకు వ్రాసిన జాబులో ‘ఓ ఎమ్ జీ’ యను పొడిని వాడి, దాని చెంతనే విస్తరమును గూడ వ్రాసెను. అది లేఖకుని మర్యాద. ఆ పొడిని ఆక్స్‌ఫర్డు నిఘంటువు 2011లోఁ జేర్చుకొన్నది. తెలుఁగున నిందుకు విపరీతమైన వింతయొకటి జరిగినది. ‘ఆర్ ఆర్ ఆర్’ అను చలనచిత్రమునకు (2022) మొదట దర్శకుని పేరును, నటులిద్దఱి పేర్లును సూచించు మూఁడు రేఫములే పుట్టినవి. ‘రౌద్రం రణం రుధిరం’ అను విస్తరము పిదప సమకూర్పఁబడినది. పొడి ముందు, మాట వెనుక!

ఈ వాడుకను సమర్థించువారు ఆంగ్లభాషాశాస్త్రవేత్త డేవిడ్ క్రిస్టల్ 2008లో వెలువరించిన గ్రంథమును బ్రమాణముగాఁ జూపుదురు. పొడిమాటలు పూర్వమునుండి యున్నవేయనియు, వానిచే బాలుర యక్షరాస్యత చెడదనియు నాతని వాదము. ఆంగ్లమునకు నది చెల్లును. ఆ భాషలోఁ బొడిచేయువాఁడు తన లిపిలోనే, తానెఱిఁగిన వర్ణక్రమమునుండియే యక్షరములఁ దగ్గించును. తెలుఁగువాఁ డట్లు చేయుట లేదు. వాఁడు ముందు లిపిని విడుచుచున్నాఁడు. విడిచి చేరిన రోమనులిపిలోఁ దెలుఁగునకు సర్వసమ్మతమైన వర్ణక్రమమే లేదు. మూలరూపము లేనిచో దేనికి సంక్షేపము? కావున నా సమర్థన మిక్కడికిఁ దెచ్చుకొనఁదగినది కాదు.

లిపిని విడుచుటకుఁ గేవలమాలస్యము కారణమనుటయు నన్యాయమే. 1992లో మొదలైన సెల్‌ఫోను సందేశములలో నొకదానికి రోమనులిపియైనచో 160 అక్షరములు పట్టును. తెలుఁగులిపియైనచో 70 మాత్రమే. అందును యూనికోడు గణనలో హల్లు, పొల్లు, గుణింతపుగుర్తు వేర్వేఱుగా లెక్కకు వచ్చును. ‘స్త్రీ’ యను నొక్క యక్షరమునకే సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, ఈత్వము కలిసి 6 స్థానములు చెల్లింపవలెను. రూకలు లెక్కించుకొని సందేశములు పంపిన విద్యార్థి రోమనులిపి నాశ్రయించుటలో వింతయేమున్నది? పెక్కు పాతయంత్రములకుఁ దెలుఁగక్షరములే లేకుండెను.

నష్టమెట్టిదో ‘పాత పాట’ యను రెండు మాటలే చెప్పును. రోమనులిపిలో నవి వాడుకగా నొక్కరూపమునే పొందును. తకారమునకు హకారముఁ జేర్చి వేఱుపఱచువారు కలరు. అప్పుడు త, థ లకు భేదము పోవును. ‘కల’యుఁ ‘గళ’యు నొక్కటే. దీర్ఘమును విడిచి వ్రాయుట తఱచగుటచేఁ ‘బలు’కును ‘బాలు’కును సందర్భమే దిక్కు. గణమునకుఁ బ్రాణమైన మాత్రయే పోయినపుడు పద్యము మాట యెత్తనేల? ‘భరనభభరవ’ 20 అక్షరములను 7 అక్షరములలో దాఁచి యొక్క మాత్రనైనఁ బోఁగొట్టలేదు. ఈ వ్రాఁత యే యక్షరమును దాఁచకయే మాత్రను బోఁగొట్టుచున్నది.

నేఁడు 70 అక్షరముల నిర్బంధము సంభాషణలకు లేదు; ప్రతి యంత్రమునందునుఁ దెలుఁగుమీటలు కలవు; నోటితోఁ బలికినఁ దెలుఁగులిపిలో వ్రాసి చూపు సాధనములును వచ్చినవి. అయినను అలవాటు మిగిలినది. పాఠశాలాపండితులు ‘హెచ్ బీ డీ’ని దండించుటకంటె దానిని దెలుఁగులిపిలోఁ బొడిచేయించుట మేలు. ‘చి.ల.సౌ.’ నంగీకరించిన లేఖనసంప్రదాయమునకు జన్మదినశుభాకాంక్షలకై ‘జ.శు.’ అని వ్రాయుట నిషిద్ధము కానేరదు. విస్తర మడిగినపుడు బాలుఁడు దీర్ఘములతో సహా చెప్పఁగలిగినఁ జాలును.