అద్భుతమునకు వెలుగునీడలు: ‘పాతాళభైరవి’ దృశ్యశిల్పము

రసములలో అద్భుతమునకు అధిదేవత బ్రహ్మ అనియు, వర్ణము పసుపు అనియు నాట్యశాస్త్రము చెప్పుచున్నది. దాని స్థాయిభావము విస్మయము. భరతుడు ఈ రసమును దివ్యమని, ఆనందజమని రెండు విధములుగా విభజించినాడు. మానవాతీతమైన వస్తువును చూచినపుడు పుట్టునది మొదటిది. హర్షము పొంగినపుడు పుట్టునది రెండవది. నాటకశాలను దృష్టిలో నుంచుకొని చేసిన ఈ విభాగము చలనచిత్రములకు కూడ చక్కగా సరిపోవును. మానవులకు అలవికాని శక్తులు గల నాయకుని తెరపై చూపదలచిన ప్రతి దర్శకునికి ఒకటే చిక్కు ఎదురగును. కన్నులు బెదరునట్లు వింతలు చూపుట కష్టము కాదు. ఆ వింత ఏ లోకములో జరుగుచున్నదో ఆ లోకమును నమ్మదగినదిగా నిర్మించుట కష్టము. లోకము నిలువనిచో వింత గారడీగా మిగిలిపోవును.

పాశ్చాత్య దేశములలో ఈ జాతి నాయకుడు బొమ్మల పుస్తకములలో పుట్టినాడు. 1938లో సూపర్‌మ్యాన్, 1939లో బ్యాట్‌మ్యాన్ అమెరికా పాఠకుల ముందుకు వచ్చినారు. వారి కథలు ధారావాహిక చిత్రములుగాను, బుల్లితెర కథలుగాను వచ్చిన తరువాత, 1978లో రిచర్డ్ డానర్ దర్శకత్వమున వెలువడిన ‘సూపర్‌మ్యాన్’ ఆ జాతి చిత్రములకు ఒక గౌరవస్థానమును సంపాదించిపెట్టినది. తెలుగువారికి అట్టి కథానాయకుడు అంతకు ఇరువదియేడేండ్ల ముందే లభించినాడు. 1951 మార్చి 15న విడుదలైన విజయా వారి ‘పాతాళభైరవి’లోని తోటరాముడే ఆ నాయకుడు. అతడు ఆకాశమున ఎగిరెడివాడు కాడు. ముసుగు వేసికొనువాడును కాడు. రాజుగారి తోటను చూచుకొను తల్లికి కొడుకు. అయినను మహాశక్తి ఒకటి అతని చేతికి వచ్చును, అతని చేతినుండి జారిపోవును, మరల వచ్చును. ఆ రాకపోకలను కంటికి కట్టించుటలో ఈ చిత్రము యొక్క శిల్పమంతయు ఇమిడియున్నది.

కథకు మూలము మధిర సుబ్బన్న దీక్షితులు వ్రాసిన ‘కాశీమజిలీ కథల’లో కలదు. కాశికి పోవు దారిలో మజిలీ మజిలీకి ఒక యతి తన వెంట వచ్చు గోపబాలకునకు చెప్పు కథలవి. వినెడివాడు పసులకాపరి గనుక ఆ కథలలోని రాజులు, మంత్రగాండ్రు, భూతములు అన్నియు అతని మనస్సుకు అందునట్లే నడచును. అరబ్బు కథలలోని అల్లాఉద్దీను ఛాయలు కూడ ‘పాతాళభైరవి’లో స్పష్టముగా కానవచ్చును. ఈ రెండు పాయలను కలిపి మాటలు, పాటలు సమకూర్చినవారు పింగళి నాగేంద్రరావు, దర్శకుడు కె. వి. రెడ్డి. మజిలీ కథ వినెడి బాలకుని స్థానమున ప్రేక్షకుని కూర్చుండబెట్టుట వారు ఎంచుకొన్న మార్గము. అందుచేత చిత్రమున ఏ వింతయు వివరణ లేకుండ హఠాత్తుగా వచ్చిపడదు. మాంత్రికునకు ఏమి కావలెనో, అందులకు ఎట్టి బలి అవసరమో ప్రేక్షకునకు మొదటనే తెలియును. తోటరామునకు మాత్రము తెలియదు. ఈ తెలిసిన భయమే చిత్రము నడుమ వరకు వాతావరణమును బిగించియుంచును.

ఆ వాతావరణమును రూపొందించినవారు ముగ్గురు: కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. గోఖలే చిత్రకారుడే గాక కథకుడు కూడ. కథ తెలిసిన చేతి గీతకు, అలంకారమునకై గీయు గీతకు గల భేదము ఈ చిత్రపు కట్టడములలో తెలియును. ఇందలి లోకములు మూడు. మొదటిది ఉజ్జయిని: తోట, మేడ, కొలువు. రెండవది మాంత్రికుని గుహ. మూడవది భైరవి వరమున వెలసిన మాయామందిరము. తోటలో తీగలు, చెట్లు, మెట్లు మనుష్యుని కొలతకు తగినట్లుండును. అక్కడ నాయకుడు స్వేచ్ఛగా తిరుగును. గుహలో కొలత మారును. విగ్రహము పెద్దది, మనుష్యుడు చిన్న. బలిపీఠము ముందు నిలిచిన తోటరాముని చూచినపుడు అతని కండబలము ఏపాటిదన్న ప్రశ్న మాటలతో పని లేకయే పుట్టును. మాయామందిరములో మరల కొలత మారును. అక్కడ అంతయు విశాలము, అంతయు మెరుగు. కాని ఎవరి చేతి పనియు కాని ఆ కట్టడములో కాపురమున్న గుర్తులు లేవు.

బార్ట్‌లే వెలుగును ఈ మూడు లోకములకు మూడు విధముల పంచినాడు. నలుపు తెలుపుల చిత్రమునకు రంగు లేకపోవుట లోపమని తలచువారు ఒక్కసారి నాయికా నాయకుల విరహ గీతములను చూడవలెను. ఆ రాత్రి వెలుగులో తెలుపు ఒకటి కాదు; ఆకుల మీది తెలుపు వేరు, వస్త్రము మీది తెలుపు వేరు, చెక్కిలి మీది తెలుపు వేరు. తరువాత 1957లో ‘మాయాబజార్’లో అతడు చూపిన వెన్నెల తెలుగు ప్రేక్షకుల నోట సామెతవంటి మాట అయినది. దానికి బీజము ఇక్కడనే పడినది. గుహలో ఇందుకు విరుద్ధము. అక్కడ వెలుగు పరచుకొనదు. ఒక ముఖమును, ఒక చేతిని, ఒక కత్తి అంచును మాత్రమే ఎంచుకొనును. మిగిలినదంతయు చీకటికే విడిచిపెట్టబడినది. భయానకమునకు నలుపు వర్ణమని శాస్త్రము చెప్పినదానిని ఛాయాగ్రాహకుడు పుస్తకము చూచి అనుసరించినాడని కాదు. భయము కనబడని దానినుండి పుట్టునని అతనికి తెలియును.

ఈ చీకటిలో నిలిచిన మూర్తి నేపాళ మాంత్రికుడు. ఆ పాత్ర ధరించునాటికి ఎస్. వి. రంగారావు వయస్సు 32 ఏండ్లు. గడ్డము, దుస్తులు, చేతి కర్ర మొదలైనవి వేషమునకు చెందినవి. కాని పలుకులోని విరుపు, కనుబొమ్మల కదలిక, నిలిచిన చోటునుండి కదలక ఎదుటివానిని దగ్గరకు రప్పించుకొను తీరు నటునివి. అతడున్నచోట తెరయంతయు అతనివైపు ఒరిగినట్లుండును. పాత్ర కేవలము క్రూరమైనచో ఈ బలము రాదు. తన శక్తిపై తనకు గల మురిపెము అతనిని హాస్యమునకు కూడ దగ్గర చేసినది. ఆ మురిపెమే అతనికి చేటు తెచ్చును. సదాజపుని వేషమున వచ్చిన అంజి మాటలు నమ్మి, రాకుమారి మెచ్చునన్న ఆశతో, తన శక్తికి నెలవైన గడ్డమును అతడు తీయించుకొనును. భయము కలిగించిన రూపమే ఒక్క గడియలో నవ్వు పుట్టించు రూపమగును. అంజి పాత్రధారి బాలకృష్ణను ఆ పిమ్మట జనులు అంజి పేరనే పిలిచినారు. జయమునకు తెలివి ఎంత కారణమో ఆ పేరు నిలిచిన తీరే సాక్ష్యము.

ఇక్కడ పాశ్చాత్య చిత్రముతో పోలిక ఉపకరించును. డానర్ చిత్రమునకు ఛాయాగ్రాహకుడు జెఫ్రీ అన్స్‌వర్త్. ఆ చిత్రము విడుదల కాకముందే అతడు మరణించినాడు, చిత్రము అతని స్మృతికి అంకితమైనది. అందులోను లోకములు మూడే. క్రిప్టన్ గ్రహము స్ఫటికపు తెలుపు, చలి. కాన్సస్ పల్లె గోధుమచేల పసుపు, విశాలమైన ఆకాశము. మెట్రోపోలిస్ నగరము పత్రికా కార్యాలయపు సందడి. నాయకుడు మొదటి లోకమున పుట్టి, రెండవదానిలో పెరిగి, మూడవదానిలో పని చేయును. అతని శక్తి పుట్టుకతో వచ్చినది. కావున దానిని దాచుట అతని సమస్య. కంటి అద్దములు పెట్టుకొని, తడబడుచు, గుమాస్తావలె తిరుగును. 1989లో టిమ్ బర్టన్ తీసిన ‘బ్యాట్‌మ్యాన్’లో ఆంటన్ ఫర్స్ట్ కల్పించిన గాథమ్ నగరము అతని కళాదర్శకత్వమునకు ఆస్కారు బహుమతి తెచ్చినది. అక్కడ నగరమే గుహయైపోయినది. నాయకుడును ఆ చీకటిలోని వాడే.

తోటరాముని స్థితి ఈ ఇద్దరి స్థితికంటె భిన్నము. శక్తి అతనిది కాదు, విగ్రహముది. విగ్రహము ఎవరి చేతనున్న వారిది. మంచివాడు కోరినను భైరవి ప్రత్యక్షమగును, చెడ్డవాడు కోరినను ప్రత్యక్షమగును. అందుచేత అతనికి ప్రత్యేకమైన దుస్తులు లేవు, దాచవలసిన రెండవ రూపము లేదు. శక్తి చేతికి వచ్చిన తరువాతను, పోయిన తరువాతను అతని ముఖము ఒకటే. నందమూరి తారక రామారావు ఈ పాత్రలో చూపిన నిబ్బరమునకు మూలము ఇదియే. మాయతో వచ్చిన మందిరము మాయతోనే రాకుమారితో సహా ఎగిరిపోవును. దానిని తిరిగి తెచ్చుటకు కాలినడక, స్నేహితుని తెలివి, కత్తి పట్టు కావలసివచ్చును. మాయామందిరము నిర్జీవముగా కానవచ్చుట కళాదర్శకుల లోపమని కొందరు తలపవచ్చును. కథాగతిని బట్టి చూచినచో అది ఔచిత్యమే. సంపాదించని ఇల్లు నిలువదన్న మాటను కట్టడమే ముందుగా చెప్పినది.

అట్లని ఈ చిత్రము నిర్దోషమని చెప్పరాదు. తన కూతురికి తగిన సంపద గలవాడే అల్లుడు కావలెనన్న రాజు కోరికను చిత్రము ప్రశ్నింపదు. నాయకుడు దానిని ఎట్లు తీర్చునన్నదే దానికి ముఖ్యము. రాకుమారి పాత్రకు విరహము, బందీతనము తప్ప వేరు పని తక్కువ. వెనుక తెరలపై వ్రాసిన దృశ్యములు కొన్నిచోట్ల వ్రాతలుగానే తెలిసిపోవును. పాతాళమువంటి భయంకర స్థలమునుండి వచ్చిన దేవత కోరిన వస్తువులు తెచ్చియిచ్చు సేవకురాలిగా మారుటలో దివ్యాద్భుతము కొంత పలచబడును. కాని ఆ పలచబడిన చోటనే ఆనందజాద్భుతము ఆరంభమగును. పేదవాని గుడిసెలో కోర్కె ఈడేరిన వేళ ప్రేక్షకునకు కలుగునది భక్తి కాదు, సంతోషముతో కూడిన విస్మయము. భరతుడు చెప్పిన రెండు అద్భుతములు ఒకే చిత్రములో ఒకదానికొకటి చోటిచ్చుట అరుదు.

1952లో భారతదేశమున మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవము బొంబాయిలో ఆరంభమై ఢిల్లీ మొదలైన నగరములకు సాగినపుడు, దేశము పక్షమున ఉంచిన చిత్రములలో ‘పాతాళభైరవి’ ఒకటి. పిల్లల కథగా తోచెడిదానిని లోకము ముందు పెట్టుటకు నిర్వాహకులు సంకోచింపకపోవుట గమనింపదగినది. ఆ ఢిల్లీ నగరముననే, సాకేత్‌లో, అంతకు పూర్వము ఒకే తెరతో నడచిన అనుపమ్ చిత్రశాల 1997లో నాలుగు తెరల మందిరముగా మారినది. దేశములో ఆ తీరు మందిరములకు అది మొదటిది. ఒకే ఊరి జనమంతయు ఒకే చీకటిలో కూర్చుండి ఒకే వింతకు నోరు తెరచు పద్ధతి మారి, ఎవరి అభిరుచికి తగిన తెర వారికి దొరకు కాలము అక్కడ మొదలైనదనవచ్చును. సాకేతమనునది అయోధ్యకు పేరు. పుష్పకము దిగిన నగరమది. ఆకాశగమనము ఈ దేశపు ఊహకు కొత్తది కాదు. 1980లో తెలుగులో ‘సూపర్‌మేన్’ అను చిత్రము వచ్చినపుడు, అదే రామారావు ధరించిన నాయకునకు శక్తి అన్యగ్రహమునుండి గాక ఆంజనేయుని అనుగ్రహమున వచ్చుటకు కారణము ఇదియే.

నేడు గణకయంత్రములు గుహనైనను, మందిరమునైనను, ఆకాశమునైనను దోషము కానరాకుండ సృష్టింపగలవు. వ్రాతతెర వ్రాతగా తెలిసిపోవు భయము తీరినది. కాని ఆ సౌకర్యము వలన ఒక ప్రమాదము ఏర్పడినది. అన్నియు సాధ్యమైనపుడు ఏదియు వింతగా తోచదు. కొలతలు ఎప్పుడు మార్చవలెను, వెలుగును ఎక్కడ ఆపవలెను, ఎంత చీకటిని ప్రేక్షకుని ఊహకు విడువవలెను అన్న వివేకము యంత్రము ఇచ్చునది కాదు. గోఖలే, కళాధర్, బార్ట్‌లేల పనిలో ఆ వివేకము కలదు. తోటలోని చెట్టు మనుష్యునకు తగినంతగా ఉండుట చేతనే గుహలోని విగ్రహము పెద్దదిగా తోచినది. మహాశక్తుల నాయకులను తెరకెక్కించువారు ‘పాతాళభైరవి’ని మరల చూచుట మంచిది. వారు మొదట నేర్వవలసినది మాయామందిరమునుండి గాక ఆ తోటనుండి.